చేతులు కూడా తాడే

మా ఫిజికల్ డైరెక్టరు పద్మప్రియ మేడం నన్ను రోయింగ్ మెషీన్ మీద కూర్చోబెట్టడానికి కారణం ఒక్కటే. నేను కొల్లేటి పిల్లని.

ఏలూరులో మేం చదివిన డిగ్రీ కాలేజీకి ఆ ఫిబ్రవరిలో అలాంటి మెషీన్లు రెండు వచ్చాయి. పాత కెమిస్ట్రీ ల్యాబులో, ఎండిపోయిన సింకుల మధ్య వాటిని పెట్టించారు. పొడుగాటి పట్టా మీద జారే పీట, ముందు ఫ్యాను ఉన్న గుండ్రటి డబ్బా, డబ్బాలోంచి వచ్చే గొలుసు, గొలుసుకి పిడి. పాదాలకు పట్టీలు బిగించుకుని, పిడి పట్టుకుని వెనక్కి లాగితే ఫ్యాను తిరుగుతుంది. ఎన్ని మీటర్లు వెళ్ళామో, ఎంతసేపట్లో వెళ్ళామో ఎదురుగా చిన్న తెర మీద పడుతుంది. పడవా లేదు, నీళ్ళూ లేవు. అయినా దీనికీ పందేలున్నాయి. మే ముప్పయ్యో తారీఖున విజయవాడలో రాష్ట్ర పోటీ. రెండు వేల మీటర్లు. ఎనిమిది నిమిషాల లోపు పూర్తిచేసిన ఆడపిల్లలకు రాష్ట్ర జట్టు శిక్షణ శిబిరంలో ఏడాదిపాటు చోటు.

"నువ్వు పుట్టిందే పడవలో కదమ్మా," అన్నారు మేడం.

పడవలో పుట్టలేదు గానీ, ఏడో ఏట నుంచీ తాటి దోనె నడిపిన మాట నిజమే. మా లంక నుంచి బడికి వెళ్ళాలంటే పెద్ద డ్రెయిను దాటాలి. వానలకి వంతెన మునిగితే తాటి బోదె తొలిచిన దోనే గతి. నలుగురు పిల్లల్ని ఎక్కించుకుని, ఎవరి పుస్తకమూ తడవకుండా దాటించేదాన్ని. ఆ ధైర్యంతోనే పీట మీద కూర్చున్నాను.

ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు పట్టింది.

పక్క మెషీన్ మీద శ్రావ్య కూర్చుంది. తాడేపల్లిగూడెం పిల్ల. వాళ్ళ నాన్నగారికి అటు ఉంగుటూరు వైపు మాగాణి ఉంది. పడవ అన్నది కళ్ళతో చూడటమే తప్ప ఎక్కి ఎరగదు. తనకి ఎనిమిది నిమిషాల పందొమ్మిది సెకన్లు.

"ఒసేయ్ నిస్సీ, కొల్లేరు మీద గూడెం గెలిచిందే!" అని సింకు గట్టు మీద వెల్లకిలా పడి నవ్వింది. మేడం నవ్వలేదు. నా మోకాళ్ళ వంక చూస్తూ ఉండిపోయారు.

*

మార్చిలో ఆఖరి పరీక్షలు అయిపోయాయి. ఆ రాత్రి అన్నాల దగ్గర అమ్మ అసలు సంగతి తీసింది.

"రొయ్యల ప్లాంటులో అడిగానే. జూన్ ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారు. బస్సు మన రోడ్డు మీదకే వచ్చుద్ది."

మా అమ్మ దేవకుమారి. కలిదిండి వైపు చేపల చెరువుల్లో పట్టుబడి, అంటే చేప పట్టే రోజున, గట్టు మీద చేపలు ఏరి, ఐసు వేసి, ట్రేలు సర్దే ఆడవాళ్ళలో ఇరవై ఏళ్ళుగా ఉంది. మా నాన్న వరదానం అదే చెరువుల్లో వల లాగే ముఠాకి మేస్త్రి. ఎండలో, చేపల నీచులో కాకుండా నీడపట్టున నాకో పని ఉండాలని అమ్మ పట్టుదల. అందులో తప్పేమీ లేదు. ప్లాంటుకు వెళ్ళే పిల్లలు నా స్నేహితులే. కానీ నాకు ఆ పీట కావాలి. అది జారినప్పుడు డబ్బాలోంచి వచ్చే గాలి చప్పుడు కావాలి. అదెందుకో అడిగితే చెప్పలేను.

"మే ముప్పైన పందెం ఉందమ్మా. ఎనిమిది నిమిషాల లోపు వస్తే శిబిరానికి వెళ్తాను. రాకపోతే ఒకటో తారీఖున బస్సెక్కుతాను," అన్నాను.

"ఇప్పుడు ఎంతలో వస్తన్నావు?"

"నలభై సెకన్లు ఎక్కువ."

"నలభై సెకన్లంటే ఎంత?"

ఫోనులో సెకన్ల గడియారం తీసి, "పరలోక ప్రార్థన చెప్పు," అన్నాను. అమ్మ చర్చిలో అందరికంటే ముందు గొంతెత్తి చెప్పేది అదే. ఎప్పుడు చెప్పినా ఒకే నడక. కళ్ళు మూసుకుని మొదలుపెట్టి ఆమెన్ అనేసరికి ఫోను మీద సరిగ్గా నలభై.

"ఇంతేనా?" అంది అమ్మ. "ఒక్క ప్రార్థన తగ్గించుకోలేవా?"

నాన్న మజ్జిగ పోసుకుంటూ, "కూర్చుని లాగేదానికి అంతసేపు ఎందుకు పడతాదో," అన్నాడు.

*

వారానికి నాలుగు రోజులు ఏలూరు. మొదటి బస్సుకు వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి వచ్చేదాన్ని. మిగతా రోజుల్లో అమ్మతో పాటు చెరువు గట్టుకి.

మేడం చెప్పిన పద్ధతి చాలావరకు నెమ్మదిగా లాగడమే. మెషీన్ డబ్బాకి పక్కన ఒకటి నుంచి పది దాకా అంకెలున్న మీట ఉంటుంది. పది మీద పెడితే లాగడం బరువుగా, గుర్రపుడెక్క మధ్య దోనె తోసినట్టు ఉంటుంది. నేను మొదటి రోజు పది మీదే పెట్టుకున్నాను. మేడం వచ్చి నాలుగుకి దించారు. "బరువు లాగితే బలం రాదమ్మా, నడుం పోతుంది," అన్నారు. నిమిషానికి ఇరవై లాగుల చొప్పున అరగంట. పక్కవాళ్ళతో మాట్లాడగలిగేంత నింపాదిగా లాగాలని మేడం అన్నారో లేదో, శ్రావ్య ఆ మాట పట్టుకుని అరగంటా మాట్లాడేది. వాళ్ళ పిన్నిగారి అత్తగారి చరిత్రంతా నాకు ఆ ఏప్రిల్‌లోనే తెలిసింది. ఇంకో రోజు ఐదు వందల మీటర్లు నాలుగు సార్లు, నడుమ రెండేసి నిమిషాల విరామంతో. ఆ రోజు మాత్రం శ్రావ్య నోరు విప్పేది కాదు.

ఏప్రిల్ నడిమికి నేను ఎనిమిది ఇరవై ఆరుకి వచ్చాను. అక్కడ ఆగిపోయాను. ఎంత కొట్టుకున్నా ఇరవై ఆరే.

"కాళ్ళు! కాళ్ళతో తొయ్యాలమ్మా!" అని మేడం అరిచేవారు.

"తోస్తున్నానండి మేడం."

"నువ్వు తోస్తున్నాననుకుంటున్నావు. అవి నిద్రపోతున్నాయి."

ఒకరోజు ఫోనుతో పక్కనుంచి వీడియో తీసి ఇచ్చారు. ఇంటికి వచ్చే బస్సులో దాన్ని ఎన్నిసార్లు చూశానో. వీడియోలో ఉన్న పిల్ల ముందు మోచేతులు ముడిచి పిడిని కడుపు దగ్గరకు తెచ్చేసుకుంటోంది. ఆ తర్వాత, పనంతా అయిపోయాక, మొహమాటంగా మోకాళ్ళు చాపుతోంది.

కైకలూరు రోడ్డు మలుపు దగ్గర బస్సు కుదిపితే ఉలిక్కిపడి, ఒళ్ళోని టిఫిను డబ్బా పట్టుకున్నాను. అప్పుడు కూడా నా కాళ్ళు కదల్లేదు. చేతులే వెళ్ళాయి. అది చూసి నాకు అర్థమైంది. తాటి దోనె అడుగు గుండ్రంగా ఉంటుంది. అందులో కాలు కదిపితే అందరం నీళ్ళలో ఉంటాం. ఏడో ఏట నాన్న నన్ను దోనె ఎక్కించి మొట్టమొదట చెప్పిన మాట, "కాళ్ళు నీవి కావనుకో" అని. పదమూడేళ్ళుగా అలాగే అనుకున్నాను. మేడం నన్ను ఏ కారణానికి ఎంచుకున్నారో, అదే నన్ను వెనక్కి లాగుతోంది.

తెలిసింది గానీ, తెలిసినంత మాత్రాన కాళ్ళు మాట వినవు.

*

ఆ శుక్రవారం కలిదిండి అవతల పదెకరాల చెరువు పట్టుబడి. తెల్లవారుతూనే వల దింపారు. ఈ గట్టున ఆరుగురు, ఆ గట్టున ఆరుగురు తాళ్ళు పట్టుకుని చెరువు పొడవునా వలని లాక్కుంటూ వచ్చి, చివరి మూలలో చేపని పోగుచేస్తారు. మేము ఆడవాళ్ళం ట్రేలు కడిగి, ఐసు కొట్టి, ఎదురుచూస్తాం. వల తాడు ఆడవాళ్ళు పట్టరు. పడితే చేప దూకుతుందని ముఠాలో అందరికీ నమ్మకం. ఎవరు పట్టి చూశారో, ఎన్ని దూకాయో ఎవరూ చెప్పలేరు.

ఆ రోజు మా గట్టున ఒక మనిషి తక్కువ. జ్వరమని కబురొచ్చింది. ఐదుగురే పట్టుకున్నారు. వల ఆ గట్టు వైపు ముందుకు పోతోంది, ఈ గట్టు వైపు వెనకబడుతోంది.

"ఇలాగైతే అడ్డంగా తిరిగిపోద్ది వరదానం," అని ముఠాలో పెద్దవాడు పాండురంగారావు తాత అరిచాడు.

నాన్న తాడు భుజాన బిగించి ఆగాడు. వెనక్కి తిరిగి గట్టు మీద ఉన్నవాళ్ళని చూశాడు. చూపు నా దగ్గర నిలిచింది.

"నిస్సీ, ఇలా రా."

నా పక్కన ట్రేలు కడుగుతున్న నాగరత్నం పిన్ని చేతిలోని ట్రే కింద పెట్టేసింది. అమ్మ, "ఏవండీ," అంది.

"చివరే కదా," అన్నాడు నాన్న. తాడు కొసని నా వైపు విసిరాడు.

పట్టుకున్నాను. తడి తాడు, బురద వాసన. "ఆఁ… పట్టు!" అన్నాడు నాన్న. అందరూ వెనక్కి వాలారు. నేను మోచేతులు ముడిచి లాగాను. తాడు కదల్లేదు. నేనే ముందుకు తూలాను.

"జడ అల్లుకోడానికి తెచ్చుకుందా తాడు!" అని ఎవరో నవ్వారు.

నాన్న తిరిగి చూడకుండానే చెప్పాడు. "చేతులతో లాగకు. చేతులు కూడా తాడే అనుకో. తాడు తనంతట తను లాగదు కదా. మడమ దించు. దించి, కూర్చోబోతున్నట్టు వాలు."

మడమ బురదలో దించాను. చేతులు చాపి వదిలేసి, కాళ్ళతో నేలని తోశాను. తాడు కదిలింది. నా చేతుల్లోంచి కాదు, పాదాల్లోంచి కదిలినట్టు తెలిసింది. గట్టు దోనె కాదు. ఎంత తోసినా బోర్లాపడదు.

"ఆఁ… పట్టు!"

కొంత దూరం పోయాక నాకు హుషారొచ్చింది. పిలుపుకంటే ముందే లాగడం మొదలుపెట్టాను. నాన్న ఈసారి తిరిగి చూశాడు.

"ఎక్కడికే పరుగు? ముందే బిగిస్తే చేప బెదిరిపోద్ది. మధ్యలో వదిలితే అడుగునుంచి జారిపోద్ది. మూలకి వచ్చాకే ఊపు. అప్పటిదాకా ఒకే లాగు."

ఒకే లాగు. రెండు వందల బారల చెరువు. మూల దగ్గరికి వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది, నా అరచేతులు పొంగాయి. ఆఖరి ఇరవై బారలకి నాన్న గొంతు మారింది. అందరం ఒక్కసారిగా బిగించాం. వల లోపల నీళ్ళు మరిగినట్టు అయ్యాయి. శీలావతులు, బొచ్చెలు ఒకదాని మీద ఒకటి పొర్లుతున్నాయి. అంతలో మూరెడు గడ్డిచేప ఒకటి గాల్లోకి లేచి, వల అంచు దాటి అవతల పడింది.

"అదుగో! నేను చెప్తానే ఉన్నాను!" అన్నాడు పాండురంగారావు తాత.

"అది గడ్డిచేప బాబాయ్," అన్నాడు నాన్న. "నువ్వు పట్టినా దూకుద్ది."

నాగరత్నం పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అమ్మ మాత్రం నవ్వలేదు. ఐసు తట్ట చంకన పెట్టుకుని, నేను నిలబడిన చోట గట్టు మీద పడిన మడమల గుంటల్ని చూస్తూ నిలబడింది.

తర్వాతి పట్టుబడికి మనుషులు సరిపోయారు. అయినా నాన్న తాడు కొస ఒక మూర వదిలిపెట్టే ఉంచాడు. నేను వెళ్ళి పట్టుకున్నాను.

*

సోమవారం ల్యాబులో పీట ఎక్కి, చేతులు చాపి, కళ్ళు మూసుకున్నాను. పాదాల కింద గట్టు ఉందనుకుని తోశాను. డబ్బా చప్పుడే మారిపోయింది. గాలి కాదు, ఈల. శ్రావ్య మాట మధ్యలో ఆపి నా వైపు చూసింది. మేడం దగ్గరికొచ్చి నా మోకాలి మీద చెయ్యి వేసి, "లేచాయమ్మా," అన్నారు.

ఎనిమిది పదకొండు. మే మొదటి వారానికి ఎనిమిది ఆరు. పందేనికి వారం ముందు ఎనిమిది మూడు. ఆ పైన కొలవనివ్వలేదు మేడం. "ఇక దాచుకో," అన్నారు. మూలకి వచ్చాకే ఊపు అన్న నాన్న మాటే ఇదీ.

అమ్మకి ప్రతి సంగతీ చెప్పేదాన్ని. "ఇంకా ఎంత మిగిలిందే?" అనేది. ముందు సగం ప్రార్థన అన్నాను, తర్వాత ఒక వాక్యం అన్నాను.

*

విజయవాడకి నాతో అమ్మ వచ్చింది. నాన్నకి ఆ రోజు పట్టుబడి. బస్సెక్కే ముందు, "మూలకి వచ్చేదాకా ఊపొద్దు," అన్నాడు, అంతే.

స్టేడియంలో పది మెషీన్లు వరసగా పెట్టారు. అమ్మ నా మెషీన్ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఇదేనా? ఇది ఎక్కడికీ పోదు కదే!"

"పోదమ్మా."

"మరి అందరూ ఇంత బెదురుతున్నారేం?"

నేను బెదరలేదు. పట్టీలు బిగించుకుంటున్నప్పుడు నా పాదాలు నాకు తెలుస్తున్నాయి. ఐదు వందల మీటర్లకి రెండు నిమిషాలు. అలాంటివి నాలుగైతే ఎనిమిది. లోపు రావాలంటే ఎక్కడో ఒకచోట సెకన్లు కోసుకురావాలి. ఎక్కడ కోయాలో నాకు తెలుసు.

గంట మోగింది. పక్కన శ్రావ్య గొలుసు తెంపేట్టు బయల్దేరింది. అవతల ఇంకో ముగ్గురు అంతే. మొదటి ఐదు వందలు అయ్యేసరికి గోడ మీది పెద్ద తెరలో నా పేరు ఎనిమిదో వరసలో ఉంది. నా ఎదురుగా ఉన్న చిన్న తెరలో మాత్రం రెండు నిమిషాలు. పెద్ద తెర చూడటం మానేశాను. అది అవతలి గట్టు.

రెండో ఐదు వందలకీ రెండు నిమిషాలే. మూడో దాంట్లో ఊపిరి గీరుకుపోయింది, తొడలు మండాయి, ఒక సెకను జారింది. మధ్యలో వదిలితే అడుగునుంచి జారిపోద్ది. మడమ దించాను. అటుపక్క ఒకమ్మాయి పిడి వదిలేసి ముందుకు వాలిపోయింది. శ్రావ్య ఊపిరి ఈలలా వినిపిస్తోంది. పాపం, తను ఊపంతా ముందే పెట్టేసింది.

నాలుగు వందల మీటర్లు మిగిలాయని తెర చెప్పినప్పుడు నాకు మూల కనిపించింది.

బిగించాను. ఆ తర్వాత లెక్క లేదు, చప్పుడే. కాళ్ళు తోస్తుంటే నడుము వాలుతోంది, చేతులు ఆఖర్న ఎప్పుడో వస్తున్నాయి. నాలోంచి ఏదీ దూకి పోవడం లేదు. అంతా వలలోనే ఉంది.

సున్నా పడ్డాక పిడి వదిలేసి, పీట మీదే వెనక్కి వాలిపోయాను. పైకప్పు గిర్రున తిరుగుతోంది. తెర చూసుకునే ఓపిక లేదు. ముందు అమ్మ మొహం కనిపించింది. అడ్డుతాళ్ళు దాటుకుని వచ్చేసింది. వెనకనుంచి ఎవరో వాలంటీరు, "అమ్మా, ఇక్కడికి రాకూడదండీ," అంటున్నాడు.

"పన్నెండోసారి చెప్తన్నానే," అంది అమ్మ, నా చెంపలు పట్టుకుని. "ఆమెన్ అనబోతుంటే నువ్వు ఆగిపోయావు. ఆమెన్ అననే లేదు. అయ్యినట్టా, కానట్టా?"

పన్నెండు నలభైలు ఎనిమిది నిమిషాలు. నేను తల తిప్పి తెర చూశాను. ఏడు నిమిషాల యాభై ఎనిమిది.

"అయ్యిందమ్మా. ఇప్పుడు అను."

అమ్మ కొంగు తీసి నా మొహం తుడిచింది. అవతల శ్రావ్య నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. తనకి ఏడు యాభై ఐదు. "ఒసేయ్ కొల్లేరూ, చివర్లో నా మీదకి వచ్చేస్తున్నావని ఆ చప్పుడికే చచ్చిపోయాననుకో!" అంది.

*

శిబిరం జూన్ ఎనిమిదో తారీఖు నుంచి. ఒకటో తారీఖున మాత్రం మళ్ళీ కలిదిండి వైపు పట్టుబడి. మేం వ్యాను ఎక్కుతుంటే ప్లాంటు బస్సు మా రోడ్డు చివర హారను కొట్టింది. ఒకసారి, రెండుసార్లు. అమ్మ అటు చూసి, డ్రైవరుకి చెయ్యి ఊపింది, పొమ్మన్నట్టు.

వల దిగింది. మా గట్టున ఆరుగురికి ఆరుగురూ ఉన్నారు. నాన్న ఎప్పటిలాగే కొస మిగిల్చాడు. నేను పట్టుకున్నాను. నా వెనక ఇంకా మూరెడు తాడు బురదలో పడి ఉంది.

ఐసు తట్ట కింద పెట్టిన చప్పుడైంది. తిరిగి చూస్తే, అమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుంటోంది.

"అక్కా, చేప దూకుద్దేమో!" అంది నాగరత్నం పిన్ని.

"దూకనీ. గడ్డిచేప అయ్యుంటాది," అంది అమ్మ. వచ్చి తాడు పట్టుకుంది.

నాన్న అమ్మ వైపు చూశాడు. తర్వాత అమ్మ పాదాల వైపు చూశాడు. ఏమీ నేర్పాల్సిన పని లేకపోయింది. మడమలు అప్పటికే దిగి ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా చూస్తున్న పనే కదా.

"ఆఁ… పట్టు!"

మూల దాకా లాగాం. ఒక్క చేప కూడా దూకలేదు. చివర తాడు వదిలేసి, అమ్మ ఎర్రబడ్డ అరచేతులు ఒకసారి తిప్పి చూసుకుంది.

"ఇంతేనండీ ఇది?" అని అడిగింది నాన్నని.

నాన్న తాడు చుట్ట చుట్టి భుజాన వేసుకున్నాడు.

"ఇంతే," అన్నాడు.